లెక్క తప్పలేదు: కీర్తిశేషులు లక్కోజు సంజీవరాయశర్మ గారు



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతంలో పుట్టి, పేరు తెచ్చుకొని, గతించిన పెద్దల్లో ఒకరి గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. నేను రచయితను కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరినది మొదలు 2008 జూన్ 30 సాయంత్రం దాకా బిల్లులు, రిజిస్టర్లు, నోట్ ఫైళ్లు తప్ప వేరే ఏమీ రాసి ఎరగను. అయినా ఒక పేరు మాత్రం వెంటనే తోచింది. ఆ పెద్దమనిషికి నేను అరవై ఏళ్లుగా ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. ఆయన బతికి ఉండగా తీర్చలేదు. ఈ కాగితం మీదనైనా తీర్చుకుందామని నా ఆశ.

ఆయనే గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ గారు. మన ప్రొద్దుటూరు తాలూకా కల్లూరులో 1907 నవంబరు 22న పుట్టారు. మా చాపాడు కూడా అప్పట్లో ప్రొద్దుటూరు తాలూకాలోనిదే. 1985లో మండలాలు వచ్చినాకనే రెండూ వేరు వేరు మండలాలైనాయి. కాబట్టి ఆయన మా తాలూకా మనిషి అని చెప్పుకోవడం మా పెద్దలకు ఒక గొప్ప.

శర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. పుట్టినప్పుడు బిడ్డలో చలనం కనపడక ప్రాణం లేదనుకున్నారనీ, ఇక మట్టిలో కలపబోయే సమయానికి ఏడుపు వినపడిందనీ మా వైపు ముసలివాళ్లు చెప్పేవారు. చూపు లేని పిల్లవాణ్ణి చేర్చుకునే బడి ఆ రోజుల్లో పల్లెల్లో ఎక్కడుంది? మన దేశ భాషలన్నిటికీ ఒకే పద్ధతి బ్రెయిలీ లిపి స్థిరపడిందే 1951లో. అప్పటికి శర్మ గారికి నలభై మూడేళ్లు దాటినాయి. ఇంట్లో తోబుట్టువు బడి నుంచి వచ్చి పాఠాలు, ఎక్కాలు పైకి చదువుతూ ఉంటే పక్కన కూర్చొని విన్నదే ఆయన చదువు. పలక పట్టలేదు, బలపం పట్టలేదు. అంకె ఆకారం ఎట్లుంటుందో కంటితో చూడలేదు. విన్నది మాత్రం మనసులో చెరగకుండా నిలిచింది.

వయొలిన్ కూడా నేర్చుకొని సభల్లో వాయించేవారు. చాలా కాలం శ్రీకాళహస్తిలో గడిపారు. సంగీతం, గణితం రెండూ ఆయనకు చెవి నుంచి వచ్చిన విద్యలే.

మన ప్రొద్దుటూరుకు అవధానం కొత్త కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని గారు, గడియారం వేంకటశేషశాస్త్రి గారు జంటగా అవధానాలు చేసిన ఊరు ఇది. అక్కడ పృచ్ఛకులు సమస్యలు, దత్తపదులు ఇస్తే అవధాని పద్యం చెబుతాడు. శర్మ గారి అవధానంలో పృచ్ఛకులు అంకెలు ఇచ్చేవారు. గుణకారాలు, భాగహారాలు, వర్గమూలాలు, ఘనమూలాలు ఇచ్చేవారు. ఇంగ్లీషు తేదీ చెబితే వారం, తిథి, నక్షత్రం చెప్పేవారు. 1928 నవంబరులో నంద్యాలలో పెద్దల సమక్షంలో ఆయన ప్రదర్శన జరిగింది. మన సీమకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నది కూడా ఆ నెలలోనే, ఆ నంద్యాలలోనే. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు దాటినాయి. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి చేసిన అవధానాలు ఆరు వేల దాకా ఉంటాయని చెబుతారు.

వాటిలో మన జిల్లాలో అందరూ చెప్పుకునే ప్రశ్న ఒకటి ఉంది. రెండును రెండుతో గుణించుకుంటూ పోయి, మొత్తం 103 రెండ్లను గుణిస్తే వచ్చేది ఎంత? పిల్లలు దీన్ని 2 పవర్ 103 అంటారు. శర్మ గారు 32 అంకెల జవాబు చెప్పారు. ఆ సంఖ్య ఇది:

1,01,41,20,48,01,82,58,35,21,19,73,62,56,43,008

దీన్ని పలకడానికి మనకు వాడుకలో మాట లేదు. కోటిని కోటితో గుణించి, మళ్లీ కోటితో, మళ్లీ ఇంకొకసారి కోటితో గుణిస్తే 1 పక్కన 28 సున్నాలు వస్తాయి. శర్మ గారి సంఖ్య దానికి కూడా వెయ్యి రెట్ల పైన ఉంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు అని రాజును వడ్లు అడిగిన పండితుని కథ మీకందరికీ తెలుసు. ఆ అరవై నాలుగు గడులకూ కలిపి వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615. అది 20 అంకెలే. శర్మ గారిని అడిగినది ఇంకా 12 అంకెలు పెద్దది.

మొన్న వేసవిలో నాకు ఒక బుద్ధి పుట్టింది. ఈ లెక్క నేను చేసి చూడాలి అని. మా మనవరాలు ఇంటర్మీడియట్ చదువుతోంది. దాని ఫోన్‌లో లెక్కించే యంత్రం ఉంది గదా అని అడిగితే, అది కొన్ని అంకెలు చూపి, మిగిలినవి ఇంత పొడవు అని గుర్తు పెట్టి ఊరుకుంది. చివరి అంకెలు ఏవో చెప్పలేదు. అప్పుడు నేను పాత పద్దు పుస్తకంలో ఖాళీ పేజీలు తీసి, వరుసగా రెట్టింపు చేసుకుంటూ 103 వరుసలు రాశాను. మూడు రోజులు పట్టింది.

మన గుమాస్తాల పని ఎట్లుంటుందో మీకు తెలుసు. మొత్తం వేసినాక సరిచూసుకునే దారి ఒకటి ఉండాలి. దీనికీ ఉంది. ఏ వరుసలోనైనా అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి ఒక్క అంకెకు తెచ్చుకోండి. రెట్టింపు చేసుకుంటూ పోయే లెక్కలో ఆ అంకెలు 2, 4, 8, 7, 5, 1 అని వస్తాయి. ఆరు వరుసలకు ఒకసారి మళ్లీ 2తో మొదలు. ఇది తప్పడానికి వీలు లేదు. నాకు 57వ వరుసలో 8 రావలసింది, 7 వచ్చింది. ఎక్కడో చేతిలోని ఒకటి కలపడం మరిచాను. వెనక్కు పోయి దిద్దుకున్నాను. 103లో ఆరారు పదిహేడు సార్లు పోతే ఒకటి మిగులుతుంది గనుక ఆఖరి వరుసకు 2 రావాలి. పై సంఖ్యలో అంకెలన్నీ కూడండి, 110 వస్తుంది. ఒకటీ ఒకటీ రెండు. సరిపోయింది. ఒకట్ల స్థానం కూడా 2, 4, 8, 6 అని నాలుగు వరుసలకు ఒకసారి తిరుగుతుంది. 103వ వరుసకు 8 రావాలి, వచ్చింది.

కళ్లు, కలం, కాగితం, మూడు రోజుల వ్యవధి ఉండి నేను ఒకచోట తప్పాను. ఇవేవీ లేని మనిషి సభలో కూర్చొని చెప్పారు. దారి దగ్గరది పట్టారనుకున్నా పని తక్కువేమీ కాదు. పది రెండ్లకు 1,024. దాన్ని దానితోనే గుణిస్తే ఇరవై రెండ్లకు 10,48,576. మళ్లీ అట్లే చేస్తే నలభైకి 10,99,51,16,27,776. ఇంకొకసారి చేస్తే ఎనభై, దాన్ని ఇరవై దానితో గుణిస్తే నూరు, ఆపైన ఎనిమిదితో ఒక గుణకారం. చెప్పడానికి ఆరు మెట్లే. కానీ మధ్యలో వచ్చే అంకెలన్నీ ఎక్కడ నిలుపుకోవాలి? మనకు కాగితం ఉంది. ఆయనకు తల తప్ప వేరే చోటు లేదు.

సంఖ్య ఇంత పెద్దదైనా దాని లోపల ఉన్నది రెండు ఒక్కటే. మూడుతో పోదు, అయిదుతో పోదు, ఏడుతో పోదు. దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఒకటితో కలిపి 104 మాత్రమే. అదే 7,20,720 అనే ఆరంకెల సంఖ్యను భాగించేవి 240 ఉన్నాయి. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలు ఉన్న ఇట్లాంటి సంఖ్యల మీదనే శ్రీనివాస రామానుజన్ గారు 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. సంఖ్య పెద్దదైనంత మాత్రాన భాజకాలు ఎక్కువ ఉండవు. మనుషుల్లో కూడా అంతే గదా.

ఇంకొక విచిత్రం చూడండి. శర్మ గారి సంఖ్యలో ఒకటి తీసేయండి. చివర 008 పోయి 007 అవుతుంది. ఇప్పుడది రెండుతో పోదు. మరి దేనితోనైనా పోతుందా, లేక ప్రధాన సంఖ్యా? ఫ్రాన్సు దేశపు సన్యాసి మెర్సెన్ 1644లో ఇట్లా ఒకటి తక్కువైన సంఖ్యల్లో ప్రధానమైనవి ఏవో ఒక పట్టీ ఇచ్చాడు. పట్టీలో కొన్ని తప్పులు తర్వాత బయటపడినాయి గానీ, 103ను అందులో చేర్చకపోవడం మాత్రం సరైనదే. ఎందుకంటే అది 2,55,01,83,799 ను 3,97,66,56,42,99,41,43,85,90,393 తో గుణిస్తే వచ్చే సంయుక్త సంఖ్య. ఈ రెండు సంఖ్యలూ చేతికిస్తే ఓపిక ఉన్న ఎవరైనా ఒక పూటలో గుణించి సరిచూడవచ్చు. ఇవ్వకుండా, పెద్ద సంఖ్యను ఇచ్చి విడగొట్టమంటే చేతి లెక్కతో జన్మ చాలదు. గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. 1977లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ కష్టాన్నే ఆధారం చేసుకొని రహస్య లిపి ఒకటి కనిపెట్టారు. ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద సంయుక్త సంఖ్యలతో బ్యాంకుల గుట్టును కాపాడే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

ఇక నా బాకీ సంగతి.

1964 ప్రాంతంలో నేను హైస్కూలులో ఉన్నప్పుడు మా బడిలో శర్మ గారి అవధానం జరిగింది. పక్కన ఒకరు చేయి పట్టుకొని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అయ్యవార్లు ఇచ్చిన పెద్ద పెద్ద లెక్కలు మాకు అర్థం కాలేదు. చివర్లో పిల్లలను ఒక్కొక్కరిగా లేచి పుట్టిన తేదీ చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. బడి రిజిస్టరులో ఉన్న తేదీ 1950 జూలై 1 అని చెప్పాను. శనివారం అన్నారు.

ఇంటికి పరుగెత్తిపోయి జేజికి చెప్పాను. జేజి నవ్వింది. నేను పుట్టింది కనుమ పండుగ నాడనీ, ఎద్దులకు పసుపు కుంకుమలు పెడుతుండగా నొప్పులు మొదలైనాయనీ, ఆ రోజు సోమవారమనీ చెప్పింది. మా నాయన కూడా అవునన్నాడు. అంతే, మరుసటి రోజు నుంచి బడిలో నాకు పెద్ద పేరు. అవధాని గారి లెక్క తప్పిందని, ఆ తప్పు నేను పట్టుకున్నానని కనపడిన వారందరికీ చెప్పుకున్నాను. కొందరు పిల్లలు ఆయన చెప్పేదంతా ఉత్తదేనని ఎగతాళి చేశారు. నేను వారించలేదు, ఇంకా రెండు మాటలు కలిపాను. మా లెక్కల అయ్యవారి చెవిన పడితే ఆయన కోప్పడలేదు. నువ్వు చెప్పిన తేదీ ఏది అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకు ఆ రోజు తెలియలేదు.

తెలిసేసరికి ఉద్యోగంలో చేరాను. మా ఆఫీసులో ఒక పాత హెడ్ క్లర్కు గారు క్యాలెండరు చూడకుండా వారం కట్టే పద్ధతి నేర్పించారు. ఏడాదికి 365 రోజులు, అంటే 52 వారాలు పోను ఒక రోజు మిగులు. కాబట్టి ఏడాదికి వారం ఒకటి ముందుకు జరుగుతుంది, ఫిబ్రవరి 29 మధ్యలో వస్తే రెండు. 1947 ఆగస్టు 15 శుక్రవారమని అందరికీ తెలుసు. అక్కడి నుంచి 1950 ఆగస్టు 15కు మూడేళ్లు, మధ్యలో 1948 లీపు, మొత్తం నాలుగు రోజులు జరిగితే మంగళవారం. అక్కడి నుంచి జూలై 1కి 45 రోజులు వెనక్కు. 45లో వారాలు పోతే మూడు మిగిలాయి. మంగళవారం నుంచి మూడు వెనక్కు పోతే శనివారం.

కలం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మళ్లీ లెక్క కట్టాను. మా జేజి చెప్పిన కనుమ 1951 జనవరి 15. 1950 ఆగస్టు 15 నుంచి 153 రోజులు ముందుకు. వారాలు పోను ఆరు మిగులు. మంగళవారం నుంచి ఆరు జరిగితే సోమవారం. జేజి మాట నిజం. శర్మ గారి లెక్క నిజం. తప్పు ఉన్నది నేను అందించిన తేదీలో. ఓచరు తప్పు రాసిచ్చి, మొత్తం వేసినవాడి మీద నింద వేశాను.

ఆ తేదీ ఎట్లా వచ్చిందో మీలో చాలామందికి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో పల్లె పిల్లలను బడిలో చేర్చేటప్పుడు, తల్లిదండ్రులకు తేదీ తెలియకపోతే అయ్యవార్లే వయసుకు తగినట్లు జూలై 1 అని వేసేవారు. మా ఆఫీసులో సగం మందిమి జూలై ఒకటో తేదీన పుట్టినవాళ్లమే. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరు రోజునే రిటైరు కావాలి గనుక, ప్రతి జూన్ 30న పూలదండలు కట్టలు కట్టలుగా తెప్పించేవారు. అప్పుడు వయోపరిమితి 58. 2008 జూన్ 30న నేను దండ వేయించుకున్నాను. అసలు తేదీ ప్రకారమైతే 2009 జనవరి ఆఖరు దాకా ఉండవలసినవాణ్ణి. ఏడు నెలల జీతం పోయింది. సర్వీసు రిజిస్టరులోకి ఎక్కిన తేదీ మారదు, దాని గురించి నేను ఎవరినీ ఏమీ అనను. నా మనసులో మెదిలేది వేరే. ఆ తేదీ తప్పని నాకు పదమూడో ఏటనే ఆధారం దొరికింది. చూపు లేని పెద్దాయన ఒక్క మాటలో చెప్పారు. నేనే వినలేదు.

నిజం తెలిసినాక వెళ్లి కనపడి ఒక నమస్కారం పెట్టి రావచ్చు. ఈ వారం, వచ్చే వారం, ఆడిట్ అయినాక, పాప పెళ్లి అయినాక అనుకుంటూ పాతికేళ్లు గడిపాను. 1997 డిసెంబరు 2న శర్మ గారు కన్నుమూశారు. పేపరులో చూశాను.

ఆయనకు రావలసినంత పేరు రాలేదని కొందరు బాధపడతారు. బెంగుళూరులో పుట్టిన శకుంతలాదేవి గారు 1980 జూన్ 18న లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకండ్లలో గుణించి ప్రపంచ రికార్డుల పుస్తకంలోకి ఎక్కారు. శర్మ గారి సభలు ఎక్కువ భాగం మన ఊళ్ల బళ్లలో, గుడి మంటపాల్లో జరిగినాయి. రామానుజన్ గారి వలె కొత్త సిద్ధాంతాలు కనిపెట్టిన పని కూడా కాదు ఆయనది. ఉన్న లెక్కను తప్పు లేకుండా, చూపు సాయం లేకుండా, అడిగిన చోటనే చేసి చూపడం ఆయన పని. బడిలో అడుగుపెట్టనివ్వని కాలంలో పుట్టి, వందల బళ్లకు వెళ్లి కూర్చొని పిల్లలకు లెక్క అంటే భయం పోగొట్టారు. నా మటుకు నాకు అది చిన్న విషయం కాదు.

ఈ వ్యాసం రాసే ముందు మా మనవరాలికి వారం కట్టే పద్ధతి నేర్పాను. మొదటి లెక్కగా శర్మ గారి తేదీలే ఇచ్చాను. 1907 నవంబరు 22 శుక్రవారం. అక్కడి నుంచి 1997 నవంబరు 22కు తొంభై ఏళ్లు, మధ్యలో 23 లీపులు, మొత్తం 113. వారాలు పోను ఒకటి మిగులు. శుక్రవారం తర్వాత శనివారం. ఇంకా పది రోజులకు డిసెంబరు 2, మంగళవారం. తొంభై ఏళ్ల పది రోజుల జీవితం. పిల్ల తానే కట్టి, ఫోన్‌లో క్యాలెండరు చూసుకొని, సరిపోయిందని ఎగిరింది. ఆపైన నా పుట్టిన తేదీ ఏదని అడిగింది. రిజిస్టరులోది చెప్పాలా, జేజి చెప్పింది చెప్పాలా అని ఒక్క క్షణం ఆగి, కనుమ నాటి తేదీ చెప్పాను. సోమవారం అంది.

శర్మ గారూ, ఆ రోజు మీ లెక్క తప్పలేదు. తప్పు నాది. మన్నించండి.